ఇంటి వాతావరణ కేంద్రానికి దూర ఉష్ణగ్రాహకాలు

వేసవిలో పత్రిక చేతికి రాగానే చాలమంది మొదట చూచేది ముందురోజు ఉష్ణోగ్రత. "నిన్న గరిష్ఠం 43 డిగ్రీలు" అని అందులో ఉంటుంది. ఈ 43 డిగ్రీలు ఎక్కడివి? నడివీధిలోవా, రేకుల కప్పు క్రింది తరగతి గదిలోవా, వేపచెట్టు నీడలోవా? ఇవేవీ కావు. వాతావరణ శాఖవారి ఆవరణలో, గాలి ధారాళంగా వీచే తెల్లని పెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున ఉన్న ఒక ఉష్ణమాపకం చూపిన డిగ్రీలవి. (ఈ వ్యాసంలోని డిగ్రీలన్నీ సెల్సియస్ డిగ్రీలు.)

దేశమంతటా ఇట్లా ఒకే పద్ధతిలో కొలవటం అవసరమే. అందువలననే రెంటచింతల ఎండను రామగుండం ఎండతోను, ఈ సంవత్సరపు మే నెలను ఇరువది ఏళ్ళ క్రిందటి మే నెలతోను పోల్చగలుగుతున్నాము. కాని మనుష్యులు ఆ పెట్టెలో నివసించరు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణాలలో వడగాల్పులకు వెయ్యిమందికి పైగా మరణించారు. ఇటువంటి రోజులలో ఎక్కువ బాధపడేది ఆరుబయట కష్టించేవారు, గాలి ఆడని ఇండ్లలో ఉండే వృద్ధులు. వారున్న చోట వేడి ఎంత అనే ప్రశ్నకు పత్రికలోని ఒక్క అంకె సమాధానం చెప్పలేదు. ఇంటిలోనో పాఠశాలలోనో చిన్న వాతావరణ కేంద్రం నడుపుకొనేవారు, ఆ కేంద్రానికి మరి రెండు మూడు ఉష్ణగ్రాహకాలను దూరదూరంగా అమర్చుకొంటే ఈ ప్రశ్నకు తామే సమాధానం వెదకవచ్చును. ఉష్ణగ్రాహకమంటే ఉష్ణోగ్రతను విద్యుత్ సంకేతంగా మార్చే సాధనం; బజారులో దీనిని సెన్సరు అంటారు.

దూరాన కొలిచే ఆలోచన

పాదరసపు ఉష్ణమాపకంతో ఒక చిక్కు ఉన్నది. దానిని చూడాలంటే దాని దగ్గరకు పోవలె. పోలేని చోట ఏమి చేయవలె? 1860 ప్రాంతంలో విలియం సీమెన్స్‌కు ఈ సమస్య ఎదురయింది. సముద్రగర్భంలో వేయవలసిన టెలిగ్రాఫు కేబులును చుట్టలు చుట్టలుగా ఓడలో పేర్చేవారు. ఆ చుట్టల నడుమ వేడి పుట్టి, తీగపై ఉన్న గట్టాపెర్చా అనే తొడుగు మెత్తబడి చెడిపోయే ప్రమాదముండేది. చుట్టల లోపలికి ఉష్ణమాపకాన్ని పంపి చూడటం సాధ్యం కాదు. సీమెన్స్ కేబులు వరుసల మధ్య రాగితీగ చుట్టలను ఉంచి, వాటి విద్యుత్ నిరోధాన్ని వెలుపలి నుండి కొలిచాడు. లోహం వేడెక్కితే నిరోధం పెరుగుతుంది గనుక, నిరోధాన్ని బట్టి లోపలి వేడిని లెక్క కట్టగలిగాడు. 1871లో రాగికి బదులు ప్లాటినం వాడవచ్చునని ఆయన సూచించాడు. 1887లో హ్యూ క్యాలెండర్ ఆ పద్ధతిని సవరించి, నమ్మదగిన ఉష్ణమాపకంగా తీర్చిదిద్దాడు.

తీగ కూడ లేకుండా దూరపు ఉష్ణోగ్రతను తెలుసుకొనటం తరువాతి మెట్టు. 1930 జనవరి 30వ తేదీన రష్యాలో పావెల్ మొల్చనోవ్ ఒక బెలూనుకు ఉష్ణమాపకాన్ని, చిన్న రేడియో ప్రేషకాన్ని కట్టి పైకి వదిలాడు. పైనున్న గాలి వేడి క్రిందనున్నవారికి రేడియో సంకేతాలుగా చేరింది. నేడు పెరటిలోని గ్రాహకం ఇంటిలోని పలకకు నిమిషానికొకసారి పంపే సంకేతం ఆ ప్రయోగానికి వారసురాలే.

మూడు రకాల గ్రాహకాలు

నేడు మనకు అందుబాటులో ఉన్నవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది ప్లాటినం తీగ. సాధారణంగా దాని నిరోధం 0 డిగ్రీల వద్ద 100 ఓములు, 100 డిగ్రీల వద్ద 138.5 ఓములు. అనగా డిగ్రీకి సుమారు 0.385 ఓము మాత్రమే మారుతుంది.

రెండవది థర్మిస్టరు. ఇది అర్ధవాహక పదార్థంతో చేసిన చిన్న పూస. సాధారణంగా దొరికే రకానికి 25 డిగ్రీల వద్ద నిరోధం 10,000 ఓములు. వేడెక్కేకొద్దీ దీని నిరోధం తగ్గుతుంది. తగ్గుదల డిగ్రీకి సుమారు 4 శాతం, అంటే 400 ఓములు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో ఒక లెక్క చూతాము. గ్రాహకాన్ని ఇంటికి 20 మీటర్ల దూరాన పెట్టినామనుకొందాము. పోవటానికి 20, రావటానికి 20, మొత్తం 40 మీటర్ల తీగ కావలె. అర మిల్లీమీటరు వ్యాసం గల రాగితీగ నిరోధం మీటరుకు సుమారు 0.09 ఓము. కనుక 40 మీటర్లకు 3.6 ఓములు. ఈ అదనపు నిరోధాన్ని కూడ పరికరం గ్రాహకానిదే అనుకొంటుంది. ప్లాటినం విషయంలో 3.6ను 0.385తో భాగిస్తే తొమ్మిది డిగ్రీలకు పైగా తప్పు వస్తుంది! థర్మిస్టరు విషయంలో 3.6ను 400తో భాగించవలె; వచ్చే తప్పు డిగ్రీలో నూరవ వంతు కూడ లేదు. అందుచేత ప్లాటినం వాడేవారు మూడవ తీగనో నాలుగవ తీగనో వేసి, తీగ నిరోధాన్ని విడిగా కనుగొని తీసివేస్తారు. థర్మిస్టరుకు ఆ శ్రమ అక్కరలేదు. కాని దాని నిరోధం ఉష్ణోగ్రతతో సరళరేఖలో మారదు. పట్టికనో సూత్రాన్నో ఆశ్రయించవలె.

మూడవది అంకెల గ్రాహకం. ఇందులో ఎక్కువగా వాడుకలో ఉన్నది డి.ఎస్. 18బి20 అనేది. చూపులకు మూడు కాళ్ళ ట్రాన్సిస్టరు వలె ఉంటుంది. నీరు తగలకుండా ఉక్కు గొట్టంలో మూసినది కూడ దొరుకుతుంది. ఇది ఉష్ణోగ్రతను తనలోనే కొలిచి అంకెగా మార్చి, ఆ అంకెను తీగ వెంట పంపుతుంది. అంకె ఒకసారి తయారైన తరువాత తీగ నిరోధం దానిని మార్చలేదు. -55 నుండి 125 డిగ్రీల వరకు ఇది పనిచేస్తుంది.

దీనిలో మరొక సౌకర్యమున్నది. ప్రతి గ్రాహకానికి కర్మాగారంలోనే 64 బిట్టుల సంఖ్య ఒకటి కేటాయిస్తారు. తరగతిలో ఉపాధ్యాయుడు హాజరు పిలిచేటప్పుడు ఏ సంఖ్య పిలిస్తే ఆ విద్యార్థియే పలుకుతాడు గదా! అట్లే కేంద్రంలోని చిన్న కంప్యూటరు ఒక సంఖ్యను పిలిస్తే ఆ గ్రాహకం మాత్రమే బదులు చెబుతుంది. కాబట్టి ఒకే మూడు తీగల వరుసపై పలు గ్రాహకాలను తగిలించవచ్చును. సంకేతపు తీగకు, విద్యుత్తునిచ్చే తీగకు మధ్య 4,700 ఓముల నిరోధకం ఒకటి చేర్చవలె. గ్రాహకాలను చెట్టుకొమ్మల వలె పలువైపులకు చీల్చక, ఒకే దారిలో వరుసగా తగిలించటం మంచిది. చీలికలు ఎక్కువైతే సంకేతాలు కొసల నుండి వెనుకకు పరావర్తనం చెంది ఒకదానితో ఒకటి కలిసిపోతవి.

తీగయా, రేడియోవా?

దూరం పది పదిహేను మీటర్లే అయితే తీగయే మేలు. బ్యాటరీ మార్చే పని ఉండదు. ఐతే విద్యుత్ సరఫరా తీగల ప్రక్కగా దీనిని లాగరాదు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మేడపై నుండి వచ్చే తీగను పరికరం నుండి ఊడదీసి ఉంచవలె.

పెరటి చివరనో, మరొక భవనంలోనో ఉన్న గ్రాహకానికి రేడియో నయం. మన దేశంలో 865 నుండి 867 మెగాహెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యాలను తక్కువ శక్తి గల పరికరాలకు ప్రత్యేక లైసెన్సు లేకుండా వాడుకొనవచ్చును. అమెరికా కోసం తయారైన వాతావరణ కేంద్రాలు 915 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తవి. ఆ ప్రాంతానికి ఇక్కడ ఈ సౌలభ్యం లేదు. విదేశాల నుండి బంధువులు తెచ్చి ఇచ్చే పరికరాలను వాడేముందు ఇది చూచుకొనవలె. 866 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 35 సెంటీమీటర్లు. అందులో నాలుగవ వంతు, అంటే తొమ్మిది సెంటీమీటర్లకు కొంచెం తక్కువ పొడవు గల తీగ ముక్క ఏంటెన్నాగా చాలును. ఇటుకగోడ ఈ తరంగాలను కొంత మ్రింగుతుంది. ఇనుపరేకులు, ఇనుపకమ్మీల కాంక్రీటు ఇంకా ఎక్కువగా అడ్డుతవి. రేకుల షెడ్డు లోపల గ్రాహకముంటే, ప్రేషకాన్ని మాత్రం కిటికీ వెలుపల ఉంచటం మంచిది.

బ్యాటరీ ఎంతకాలం వస్తుంది? పరికరం ఎప్పుడూ మేల్కొని 20 మిల్లీఆంపియరుల విద్యుత్తు తీసుకొంటే, 2,000 మిల్లీఆంపియరు-గంటల బ్యాటరీ 100 గంటలలో, అంటే నాలుగు రోజులలో అయిపోతుంది. అదే పరికరం నిమిషానికొకసారి మేల్కొని, ముప్పాతిక సెకను కాలం ఒక మిల్లీఆంపియరుతో ఉష్ణోగ్రత కొలిచి, సెకనులో ఇరువదవ వంతు కాలం 20 మిల్లీఆంపియరులతో సంకేతం పంపి, మిగిలిన కాలమంతా 0.01 మిల్లీఆంపియరుతో నిద్రించిందనుకొందాము. సగటు 0.04 మిల్లీఆంపియరుకు దిగుతుంది. కాగితం మీద 50,000 గంటలు, అంటే ఐదేళ్ళకు పైగా వస్తుంది. బ్యాటరీ తనంతట తానే క్షీణించటం వలన నిజంగా అంతకాలం రాకపోవచ్చును గాని, నాలుగు రోజులకు సంవత్సరాలకు గల అంతరం నిద్రలోనే ఉన్నదని స్పష్టం.

గ్రాహకానికి నీడ

ఏ ఉష్ణమాపకమైనా కొలిచేది తన ఉష్ణోగ్రతనే. గాలి ఉష్ణోగ్రత, దాని ఉష్ణోగ్రత ఒకటిగా ఉండేటట్లు చూచే బాధ్యత మనది. ఎండలో పెట్టిన గ్రాహకం సూర్యకాంతిని పీల్చుకొని గాలికంటె ఎన్నో డిగ్రీలు ఎక్కువగా వేడెక్కుతుంది. అప్పుడు అది చెప్పేది గాలి సంగతి కాదు, తన సంగతి.

ఈ దోషాన్ని నివారించటానికే థామస్ స్టీవెన్‌సన్ 1864లో తన పెట్టెను వర్ణించాడు. ఆయన దీపస్తంభాలు కట్టించిన స్కాట్లండు ఇంజనీరు. నవలాకారుడు రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ తండ్రి. పెట్టె గోడలు ఏటవాలు చెక్కపట్టీలతో ఉంటవి. గాలి లోపలికి పోతుంది, ఎండ పోదు. తెల్లరంగు ఎండను వెనుకకు త్రిప్పుతుంది. మన దేశం భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నది గనుక, తలుపు తీసినప్పుడు ఎండ పడకుండా తలుపును ఉత్తరం వైపు ఉంచుతారు.

చిన్న గ్రాహకానికి ఇంత పెట్టె అక్కరలేదు. ఆరేడు తెల్లని ప్లాస్టిక్ సాసర్లు తీసుకొని బోర్లించి, ఒకదానికొకటి రెండు సెంటీమీటర్ల ఎడం ఉండేటట్లు మూడు పొడవైన మరచీలలకు గ్రుచ్చవలె. అన్నిటికంటె పైది తప్ప తక్కినవాటికి నడుమ రంధ్రం చేసి, గ్రాహకాన్ని ఆ రంధ్రాలలో వ్రేలాడదీయవలె. గ్రాహకం ఏ సాసరునూ తాకరాదు. దీనిని నేలకు 1.25 నుండి 2 మీటర్ల ఎత్తులో, గోడలకు, సిమెంటు గచ్చుకు వీలైనంత దూరంగా నిలిపితే గాలి ఉష్ణోగ్రత చాలవరకు సరిగా వస్తుంది.

పోల్చటానికి ముందు సరిచూడటం

రెండు గ్రాహకాల తేడా చూచేముందు, అవి ఒకే చోట ఉన్నప్పుడు ఒకే మాట చెబుతున్నవా అని చూడవలె. పైన చెప్పిన అంకెల గ్రాహకం డిగ్రీలో పదహారవ వంతు, అంటే 0.0625 డిగ్రీ వరకు చూపగలదు. కాని దాని నిజాయితీకి తయారుచేసినవారిచ్చే హామీ -10 నుండి 85 డిగ్రీల మధ్య 0.5 డిగ్రీ అటో ఇటో మాత్రమే. గడియారంలో సెకండ్ల ముల్లు ఉన్నంత మాత్రాన అది సరియైన సమయం చూపుతున్నదని చెప్పలేము గదా!

ఒక గ్రాహకం 0.4 డిగ్రీ ఎక్కువగాను, మరొకటి 0.4 డిగ్రీ తక్కువగాను చూపేవే అనుకొందాము. మొదటిదాన్ని వాకిట్లోను, రెండవదాన్ని వేపచెట్టు క్రింద పెడితే, చెట్టు 0.8 డిగ్రీల చల్లదనం ఇచ్చినట్లు కనబడుతుంది. అందులో చెట్టు చేసినది ఏమీ లేదు.

దీనికి విరుగుడు సులభం. ఉక్కు గొట్టాల గ్రాహకాలన్నిటిని ఒక కట్టగా కట్టవలె. ఫ్లాస్కులో మంచుగడ్డను పొడిచేసి నింపి, సందులు నిండేవరకు మంచినీరు పోసి, కట్టను అందులో ముంచి కలుపుతూ పదిహేను నిమిషాలు ఉంచవలె. కరిగే మంచు 0 డిగ్రీలు. ప్రతి గ్రాహకం ఎంత చూపినదో వ్రాసుకొనవలె. తరువాత సుమారు 40 డిగ్రీల గోరువెచ్చని నీటిలో, ప్రయోగశాలలోని మంచి ఉష్ణమాపకంతో పాటు ముంచి మరల చూడవలె. వచ్చిన తేడాలే ఆ గ్రాహకపు సవరణలు. గొట్టాలపై సంఖ్యలు అంటించి, సవరణల పట్టికను గోడకు తగిలించవచ్చును. బజారులో నకిలీ గ్రాహకాలు కూడ ఉన్నవి గనుక ఈ పరీక్ష మరింత అవసరం.

ఎక్కడెక్కడ పెట్టవలె?

మొదటి గ్రాహకం ఆరుబయట, సాసర్ల నీడలో ఉండవలె. తక్కిన వాటికి అదే కొలబద్ద.

రెండవది రేకుల కప్పు గల గదిలో, పిల్లలు కూర్చున్నప్పుడు వారి తల ఎత్తులో. ఇక్కడ ఒక సంగతి గమనించవలె. కప్పు కేవలం గాలిని వేడిచేయటమే గాక, వేడిని వికిరణ రూపంలో నేరుగా మనుష్యులపైకి పంపుతుంది. నల్లని తలం వలె ప్రవర్తించే రేకు 60 డిగ్రీలకు చేరితే, చదరపు మీటరుకు సుమారు 700 వాట్ల వికిరణం వెలువడుతుంది. 35 డిగ్రీల కప్పు అయితే 510 వాట్లే. గాలి ఉష్ణోగ్రత రెండు గదులలో ఒకటే అయినా, రేకుల క్రింద కూర్చున్నవారికి ఎక్కువ వేడి తగులుతుంది. దీనిని పట్టుకొనటానికి ఒక గ్రాహకాన్ని పలుచని బోలు బంతిలో అమర్చి, బంతికి నిగనిగలాడని నల్లరంగు వేసి, నీడ కల్పించకుండా వ్రేలాడదీయవలె. బంతిలోని ఉష్ణోగ్రత గాలికంటె ఎంత ఎక్కువో చూస్తే కప్పు పెట్టే బాధ అంకెలలో కనబడుతుంది.

మూడవది తడిగుడ్డ కట్టిన గ్రాహకం. దీని కొసకు పలుచని మల్లుగుడ్డ చుట్టి, గుడ్డ చివరను నీటిగిన్నెలో ముంచి, గాలి తగిలేటట్లు ఉంచవలె. నీరు ఆవిరి అవుతూ వేడిని తీసుకొనటం వలన ఇది పొడి గ్రాహకం కంటె తక్కువ చూపుతుంది. గాలి పొడిగా ఉన్నకొద్దీ తేడా ఎక్కువ. పొడి 42, తడి 24 అయితే సాపేక్ష ఆర్ద్రత సుమారు 22 శాతం. పొడి 36, తడి 28 అయితే సుమారు 55 శాతం. ఈ రెండు రోజులలో ఏది ప్రమాదం? 42 అనగానే భయపడతాము గాని, చెమట ఆరి ఒళ్ళు చల్లబడే అవకాశం 36 డిగ్రీల సముద్రతీరంలోనే తక్కువ. తడి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే మానవ శరీరం తన వేడిని వదలించుకొనలేదని 2010లో షెర్వుడ్, హ్యూబర్ అనే శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన యువకులపై జరిపిన పరీక్షలలో, తేమగాలిలో ఆ హద్దు 31 డిగ్రీల దగ్గరే కనబడింది.

నాలుగవది నేలకు జానెడు ఎత్తులో. ఇది చలికాలపు రాత్రులలో పనికివస్తుంది. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వికిరణం చేసి, పైనున్న గాలికంటె ముందుగా చల్లబడుతుంది. లంబసింగి వంటి చోట్ల ఉష్ణమాపకం సున్నాకు పైన ఉన్నా గడ్డిమీద మంచు గడ్డకట్టటానికి కారణమిదే. నారు పోసుకొన్న రైతుకు కావలసినది పెట్టెలోని ఉష్ణోగ్రత కాదు, నారు ఎత్తులోని ఉష్ణోగ్రత.

అంకెలను నమ్మటానికి ముందు

కేంద్రంలో కూర్చున్న చిన్న కంప్యూటరు, ఆర్డునో గాని, ఇ.ఎస్.పి.-32 గాని, వచ్చిన అంకెనల్లా వ్రాసుకొంటుంది. అందులో అర్థం లేని అంకెలు కూడ ఉంటవి. ఉదాహరణకు, డి.ఎస్. 18బి20కి విద్యుత్తు అందిన వెంటనే, కొలత పూర్తికాకముందే అడిగితే, అది 85 డిగ్రీలని చెబుతుంది. అది కొలత కాదు, మేల్కొన్నప్పటి ఆరంభ విలువ. సన్నని కొలతకు దానికి 750 మిల్లీసెకండ్ల వ్యవధి ఈయవలె. 24 గంటల కొలతలలో 32 ఉండవలసిన చోట ఒక్కసారి 85 పడితే, రోజు సగటు రెండు డిగ్రీలకు పైగా పెరిగిపోతుంది. అందుచేత అసంభవమైన అంకెలను వేరుచేసి, వేరుచేసినట్లు వ్రాసి ఉంచవలె.

మరొకటి. వాతావరణ శాఖవారు మైదానాలలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, మామూలుకంటె 4.5 డిగ్రీలైనా ఎక్కువైతే వడగాల్పుగా పరిగణిస్తారు. 45 డిగ్రీలకు చేరితే మామూలుతో పోల్చకుండానే పరిగణిస్తారు. సముద్రతీరంలో 37 డిగ్రీలే కనీసపు హద్దు. ఈ హద్దులన్నీ పెట్టెలోని గాలికి సంబంధించినవి. రేకుల క్రింద 45 కనబడినదని ఊరిలో వడగాల్పు వీచినదనరాదు. అట్లే, పత్రికలో 39 ఉన్నదని రేకుల క్రింది పిల్లలు క్షేమమనీ అనరాదు. రెండు అంకెలూ నిజమే. రెండూ రెండు ప్రశ్నలకు సమాధానాలు.

అటల్ టింకరింగ్ ప్రయోగశాల ఉన్న పాఠశాలలలో ఈ సామగ్రి చాలవరకు సిద్ధంగానే ఉంటుంది. లేనిచోట రెండు గ్రాహకాలతో ఆరంభించినా చాలును. ఒకటి బయట, ఒకటి తరగతిలో. ఉదయం 8 గంటల 30 నిమిషాలకు, మధ్యాహ్నం 2 గంటలకు సవరించిన అంకెలను విద్యార్థులచేత పుస్తకంలో వ్రాయించవలె. ఫాల్గుణంలో మొదలుపెడితే, ఎండలు ముదిరేనాటికి ఏ గది ఏ గంటకు కూర్చునేందుకు వీలులేనంత వేడెక్కుతుందో ఆ పుస్తకమే చెబుతుంది. కప్పుకు సున్నం వేయించినా, పందిరి వేయించినా, పాఠాన్ని చెట్టుక్రిందికి మార్చినా, దానివలన ఎన్ని డిగ్రీలు కలిసివచ్చినవో కూడ ఆ పుస్తకంలోనే తేలుతుంది.